జర్మనీలో తొలి ఉద్యోగి: కాంట్రాక్టా, ఈఓఆరా, సొంత కంపెనీయా?

బాలానగర్‌లో ముప్ఫై మందితో నడిచే సంస్థ మాది. కర్మాగారాల్లో యంత్రాల మరమ్మతుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల దాన్ని కొనేవాళ్లు పెరిగాక అక్కడ మాకంటూ ఒక ఇంజినీరు తప్పనిసరయ్యాడు. యంత్రం ఆగిపోయి చిరాకులో ఉన్న సూపర్‌వైజరుకు హైదరాబాద్ నుంచి ఇంగ్లిష్‌లో నచ్చజెప్పడం ఎన్నాళ్లని? ఒక్క మనిషే కదా, పెట్టేసుకుందాం అనుకున్నాం. ఆ ఒక్కరిని ఏ దారిన పెట్టుకోవాలో తేల్చుకునేసరికి ఆరు నెలలు గడిచాయి.

అందరూ మొదట చెప్పే దారి కాంట్రాక్టు. అతను నెలనెలా ఇన్‌వాయిస్ పంపుతాడు, మనం డబ్బు పంపుతాం, పీఎఫ్ లాంటి తలనొప్పులేవీ ఉండవు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ కాగితం మీద ఏం రాసుకున్నామన్నది జర్మనీలో ఎవరూ ముందుగా చూడరు, పని ఎలా సాగుతోందో చూస్తారు. మా మీటింగుకు రోజూ రావాలి, సెలవు మమ్మల్ని అడగాలి, ల్యాప్‌టాప్ మాది, అతనికి వేరే ఖాతాదారులు లేరు. ఇక కాంట్రాక్టరు ఎలా అవుతాడు? అక్కడి పెన్షన్ బీమా సంస్థ తనిఖీలో అతను ఉద్యోగే అని తేలితే, నాలుగేళ్ల వెనక నుంచి కట్టాల్సిన సామాజిక బీమా మొత్తం మన నెత్తిన పడుతుంది. ఉద్యోగి వాటా కూడా దాదాపుగా మనమే భరించాలి, ఎందుకంటే పాత బాకీని అతని జీతంలోంచి పట్టుకోవడానికి చట్టం ఇచ్చే వ్యవధి చాలా తక్కువ. తెలిసే చేశారని తేలితే నాలుగేళ్లు కాస్తా ముప్ఫై ఏళ్లవుతాయి, క్రిమినల్ కేసూ రావచ్చు. రెండు నెలల ఇన్‌స్టలేషన్ పనికో, అనువాదానికో కాంట్రాక్టు బాగానే ఉంటుంది. రోజూ మనతో ఉండే మనిషికి పనికిరాదు.

రెండో దారి ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్, పొట్టిగా ఈఓఆర్. అక్కడి చట్టం దృష్టిలో యజమాని ఆ సంస్థ, పని చెప్పేది మనం. జీతం, పన్ను, బీమా అంతా వాళ్లు చూసుకుంటారు. మనిషికి నెలకు కొన్ని వందల డాలర్లు రుసుము, జీతం మీద సుమారు ఐదో వంతు యజమాని వాటా బీమా అదనం. ఉద్యోగికి జబ్బు చేస్తే ఆరు వారాల వరకు పూర్తి జీతం ఇవ్వాలి, ఆ ఖర్చూ చివరికి మన బిల్లులోకే వస్తుంది. వారంలోపే మనిషి పనిలో చేరవచ్చని వాళ్ల అమ్మకందార్లు చెప్పేది చాలావరకు నిజమే. వాళ్లు నోరెత్తనిది ఇంకొకటి ఉంది. మనుషులను ఇలా వేరే సంస్థకు పనికివ్వడం జర్మనీలో లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి, ఒకే సంస్థ దగ్గర సాధారణంగా 18 నెలలకు మించకూడదు. లైసెన్సు లేకపోయినా, గడువు దాటినా, చట్టం ఆ మనిషిని నేరుగా మన ఉద్యోగిగా లెక్కిస్తుంది. మేము మాట్లాడిన ఒక ఈఓఆర్ సంస్థను లైసెన్సు గురించి రెండుసార్లు అడిగినా సూటిగా జవాబు రాలేదు. మూడోసారి అడగలేదు, వదిలేశాం.

సొంత కంపెనీ పెట్టడం మా భాగస్వామి కల. జర్మనీలో ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది జీఎంబీహెచ్. మూలధనం 25,000 యూరోలు, రిజిస్ట్రేషన్ నాటికి అందులో సగమైనా బ్యాంకులో ఉండాలి. నోటరీ ముందు సంతకాలు, వాణిజ్య రిజిస్టరులో నమోదు, ఏటా అక్కడి లెక్కలు. ఇటువైపు మన బ్యాంకు ద్వారా విదేశీ పెట్టుబడి పత్రాలు, ఆ తర్వాత ప్రతి డిసెంబరు 31 లోపు రిజర్వు బ్యాంకుకు వార్షిక నివేదిక. ఇదంతా ఓపిక ఉంటే అయ్యే పనే. నన్ను ఆపింది తెరవడం కాదు, మూయడం. వ్యాపారం సాగక కంపెనీ రద్దు చేయాలంటే అప్పులవాళ్లను బహిరంగంగా పిలిచి, ఒక ఏడాది ఆగాకే మిగిలిన డబ్బు వెనక్కి తెచ్చుకోవాలి. ఒక్క ఉద్యోగి కోసం అంత ముడి వేసుకోవడం దండగ.

మా ఆడిటరు చెప్పే వరకు తెలియని దారి ఇంకొకటి ఉంది. అక్కడ కంపెనీ లేకుండానే హైదరాబాద్ సంస్థ జర్మనీలో యజమానిగా నంబరు తీసుకుని, పన్ను సలహాదారు ద్వారా నేరుగా బీమా కట్టవచ్చు. చట్టబద్ధమైన దారుల్లో అన్నిటికంటే చవక ఇదే. మనకు అక్కడ స్థిర కార్యాలయం లేనప్పుడు జీతంలో ఆదాయపు పన్ను మనం కోయనక్కర్లేదు, ఉద్యోగే మూడు నెలలకోసారి ముందస్తుగా కట్టుకోవాలి. చిక్కు అక్కడే వచ్చింది. మాకు నచ్చిన ఇంజినీరు అది విని వెనకడుగు వేశాడు. ఇల్లు అద్దెకు అడిగితే ఇంటి యజమాని గత మూడు నెలల జీతం చీటీలు చూపమంటాడు, వాటి మీద హైదరాబాద్ చిరునామా ఉంటే ఎలా అని అతని బెంగ. తప్పు పట్టలేం.

అందుకే ఈఓఆర్‌కే మొగ్గాం, సపోర్టు ఇంజినీరు వరకే. అమ్మకాల మనిషిని తీసుకుంటే నా లెక్క మారిపోతుంది. ధరలు మాట్లాడి ఒప్పందాలు ఖాయం చేసే మనిషి అక్కడ ఉంటే, ఈఓఆర్ ద్వారా పెట్టుకున్నా సరే, మనకు జర్మనీలో వ్యాపార స్థావరం ఉన్నట్టేనని పన్ను శాఖ అనవచ్చు. అప్పుడు లాభంలో కొంత అక్కడ పన్నుకు లోబడుతుంది. అలాంటప్పుడు ముందే జీఎంబీహెచ్ పెట్టడం మేలు.

ఏ దారిన తీసుకున్నా రోజూ ఆ మనిషితో పని చేయాల్సింది మనమే. మా పది గంటల మీటింగు అక్కడ చలికాలంలో తెల్లవారుజామున ఐదున్నర. ఇప్పుడది మధ్యాహ్నం రెండుకు మారింది. ఒక రోజు పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టే లోపు పదకొండు గంటల విరామం చట్టం ప్రకారం తప్పదు, కాబట్టి రాత్రి పదింటికి ఒక్క ఫోను చేసినా మర్నాటి పొద్దుటి లెక్క చెడుతుంది. మా పాత పత్రం నుంచి తెచ్చిపెట్టిన ‘మానేశాక పోటీ సంస్థలో చేరరాదు’ అనే షరతు ఈఓఆర్ వాళ్లు కొట్టేశారు. అక్కడ అది చెల్లాలంటే ఆ నిషేధం ఉన్నంతకాలం పాత జీతంలో కనీసం సగం ఇస్తూ పోవాలట. మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఇక్కడా అది చెల్లదు, అయినా ప్రతి ఆఫర్ లెటర్లో పెడుతూనే ఉంటాం! తొలగింపు మాటకొస్తే ఈమెయిలు చెల్లదు, కాగితం మీద సిరా సంతకం కావాలి. ఆరు నెలల ప్రొబేషన్‌లో రెండు వారాల నోటీసు చాలు. కారణం చూపి తీరాలనే చట్టం జర్మనీలో పది మందికి మించి ఉద్యోగులున్న చోటే వర్తిస్తుంది, నేరుగా మనమే యజమానిగా ఉంటే అది కొంత ఊరట.

ఇంజినీరు చేరి నాలుగు నెలలైంది. పద్దెనిమిదో నెల గడువు కంటే ముందే, పన్నెండో నెల దగ్గర క్యాలెండరులో ఎర్ర గీత గీశాం. రెండో మనిషి అవసరం ఆలోపు వస్తే భాగస్వామి నోటరీ దగ్గరికి వెళతాడు. రాకపోతే ఇంజినీరుతో నేనే కూర్చుని, నేరుగా మేమే జీతం ఇచ్చే సంగతి మళ్లీ మాట్లాడాలి. ఈసారి ఇల్లు దొరికి ఉంటుంది కాబట్టి ఒప్పుకుంటాడేమో.