రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనేవారికి హెచ్చరిక: లోపలి రూట్ సర్టిఫికెట్లు చూడకుండా బ్యాంకు సైటు తెరవకండి

హైదరాబాద్‌లో వాడిన ల్యాప్‌టాప్ కొనాలనుకునేవారికి, ముఖ్యంగా పిల్లల చదువు కోసం తీసుకుంటున్న తల్లిదండ్రులకు ఈ విషయం తెలియజేస్తున్నాను. సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో మేము కొన్న ల్యాప్‌టాప్‌కు తెర, బ్యాటరీ, కీబోర్డు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ దుకాణంవారు ఎక్కించి ఇచ్చిన విండోస్‌లో, ఏ గుర్తింపు పొందిన సంస్థకూ చెందని రూట్ సర్టిఫికెట్ (సైట్ల సర్టిఫికెట్లు అసలైనవేనని హామీ ఇచ్చే మూల ధ్రువపత్రం) ఒకటి విశ్వసనీయమైన వాటి జాబితాలో ఉంది.

బ్యాంకు సైటు తెరిచినప్పుడు అవతల ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా అన్నది బ్రౌజర్ సర్టిఫికెట్‌ను బట్టి తేల్చుకుంటుంది. ఆ సర్టిఫికెట్ ఈ జాబితాలోని ఏదో ఒక రూట్ కింద జారీ అయినదైతే ఏ హెచ్చరికా చూపదు. కాబట్టి దొంగ రూట్‌కు చెందిన ప్రైవేట్ కీ (ఆ రూట్ పేరుతో సర్టిఫికెట్లు జారీ చేయడానికి కావలసిన రహస్య సంకేతం) ఉన్నవాడు, మనం వాడే వైఫైలోనే చేరి మనకూ బ్యాంకుకూ మధ్య నిలబడగలిగితే, అప్పటికప్పుడు నకిలీ సర్టిఫికెట్ పుట్టించి మన పాస్‌వర్డు, ఓటీపీ చదివేయగలడు. అంతస్తు మొత్తానికీ ఒకే రౌటర్ ఉండే అమీర్‌పేట హాస్టళ్లలో ఇది ఊహకు అందని సంగతేమీ కాదు. బ్రౌజర్‌ను అప్‌డేట్ చేసినా ఈ బెడద తీరదు; కార్యాలయాల అవసరం కోసం, యంత్రంలో విడిగా చేర్చిన రూట్‌లను క్రోమ్, ఎడ్జ్ నమ్ముతాయి.

కొత్త యంత్రాలలోనూ ఇలా జరిగింది. లెనోవో 2014లో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందుగానే వేసి అమ్మిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ఇలాంటి రూట్‌నే చేర్చింది. అన్ని యంత్రాలలోనూ ప్రైవేట్ కీ ఒకటే కావడంతో, 2015 ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు దానిని బయటికి తీశాక ఆ ల్యాప్‌టాప్‌లన్నీ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయి.

మా విషయంలో, ఒకే బ్యాంకు సైటుకు ఫోన్‌లో కనిపించిన సర్టిఫికెట్ జారీదారు పేరూ ల్యాప్‌టాప్‌లో కనిపించిన పేరూ వేరుగా ఉండడంతో అనుమానం వచ్చింది. కొన్ని యాంటీవైరస్‌లు కూడా తమ సొంత రూట్‌ను చేరుస్తాయి కనుక తేడా ఉన్న ప్రతిచోటా మోసమే అనుకోనక్కరలేదు. మా యంత్రంలో యాంటీవైరస్ లేనే లేదు. అడిగితే దుకాణంవారు, వారంటీ హార్డ్‌వేర్‌కు మాత్రమేనన్నారు. ఎవరు చేర్చారో తమకు తెలియదన్న మాట నిజమే కావచ్చు, కానీ శుభ్రంగా విండోస్ వేసి అమ్మడం వారి బాధ్యతే.

డబ్బు కట్టకముందే విండోస్ సెర్చ్‌లో సర్టిఫికెట్ల మేనేజర్‌ను తెరిపించి, విశ్వసనీయ రూట్‌ల జాబితా చూడండి. కొన్న తరువాత, చూసినా చూడకపోయినా, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీరే దించుకున్న విండోస్‌ను పెన్‌డ్రైవ్‌తో డిస్క్ మొత్తం చెరిపి వేసుకోండి. అంతకుముందే ఆ యంత్రంలో లాగిన్ అయి ఉంటే పాస్‌వర్డులు ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలో డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.