ఒడ్డున చదువా, ఓడలో చదువా: మా మేనకోడలికి ఏది మేలు?

మా అక్కవాళ్లది నరసాపురం. బావగారికి రొయ్యల చెరువులున్నాయి. అమ్మాయి విశాఖపట్నంలో ఎకనామిక్స్ చదువుతోంది. ఒక సెమిస్టరు విదేశంలో చదవాలని రెండేళ్లుగా అనుకుంటోంది. ఇప్పుడు తన ముందు రెండు దారులున్నాయి. ఒకటి జర్మనీలో ఒకే యూనివర్సిటీలో అయిదారు నెలలు. రెండోది సెమిస్టర్ ఎట్ సీ, అంటే ఓడే కాలేజీ. “మామయ్యా, మీరు పద్దెనిమిదేళ్లు షిప్పుల్లో పనిచేశారు. ఏది మేలో మీరే చెప్పండి” అని అడిగింది. నేను ఇంజన్ రూములో పనిచేసినవాణ్ణి, చదువుల సంగతి పెద్దగా తెలియదు. కానీ ఓడ ఎక్కేవాళ్లు ఏం సిద్ధం చేసుకోవాలో తెలుసు. ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నది సగానికి పైగా ఆ సిద్ధపడటం మీదే ఆధారపడుతుంది.

ఓడ చదువు కొత్తదేమీ కాదు, 1963 నుంచి ఉంది. ఇప్పుడు అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ క్రెడిట్లిస్తుంది, అంటే డిగ్రీలో కలుపుకునే పాయింట్లు. ఓడ పేరు వరల్డ్ ఒడిస్సీ. దాదాపు వంద రోజుల ప్రయాణం, పది దేశాల దాకా చూస్తారు. ఓడ నడుస్తున్న రోజుల్లో క్లాసులు, రేవులో ఉన్న నాలుగైదు రోజులూ క్లాసులుండవు. అయితే ఒక్కో సబ్జెక్టుకూ ఏదో ఒక రేవులో బయట తిరిగి నేర్చుకునే తరగతి తప్పనిసరి. చెప్పిన వేళకు ఓడకు తిరిగి రాకపోతే తర్వాతి రేవులో ఆలస్యంగా దిగనిస్తారు. నాకు నచ్చిన నియమం అది, ఎందుకంటే సముద్రం మీద వేళంటే వేళే.

మా నరసాపురం దగ్గర గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు తప్పిపోతే ఏమవుతుంది? రేవులో నిలబడితే ఇంకోటి వస్తుంది. జర్మనీ చదువు అలాంటిది. స్వెట్టరు మరిచిపోతే అక్కడే కొనుక్కోవచ్చు, పన్ను నొప్పి చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చు, ఏదైనా కాగితం తగ్గితే ఇంటి నుంచి పంపించుకోవచ్చు. ఓడ చదువులో ఇంటి దగ్గర చేయని పని తర్వాత చేయడం చాలా కష్టం. ఒకసారి హిందూ మహాసముద్రం మధ్యలో నాకు జ్ఞానదంతం వాచింది. రేవు చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఉప్పునీళ్లు పుక్కిలించి, నొప్పి మాత్రలు మింగి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని డ్యూటీ చేశాను. బయల్దేరే ముందు పళ్లు చూపించుకోమని మా అమ్మ చెప్పింది, నేను వినలేదు. అందుకే అమ్మాయికి మొదట చెప్పిన మాట: ఏ దారి ఎంచుకున్నా సరే, ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఇక కాగితాలు. అసలు తేడా ఇక్కడే.

జర్మనీకైతే ఒకే వీసా. ఖర్చులకు డబ్బు ఉందని చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోల లెక్కన బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకు ఇంతే తీసుకోనిచ్చే ఖాతాలో వేస్తే సరిపోతుంది. ఓడ సంగతి వేరు. దారిలో ఉన్న ప్రతి దేశానికీ లెక్క చూసుకోవాలి. మారిషస్‌కు మనకు ముందస్తు వీసా అక్కరలేదు. వియత్నాంకు ఇంటర్నెట్‌లోనే ఈ-వీసా తీసుకోవచ్చు. దక్షిణాఫ్రికా, జపాన్, యూరప్‌లకు వీసా ముందే కావాలి. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా పాస్‌పోర్టు కొన్ని వారాలు ఉంచుకోవచ్చు. ఉన్నది ఒక్కటే పాస్‌పోర్టు, కాబట్టి ఒక వీసా వచ్చాకే రెండోదానికి పెట్టాలి. ఓడ యూరప్‌లో ఒక రేవు దాటి మొరాకోలాంటి దేశం చూసి మళ్లీ యూరప్ రేవుకు వస్తే, ఒక్క ప్రవేశం ఉన్న షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) సరిపోదు. ఎన్నిసార్లయినా ప్రవేశించే వీసా అడగాలి. దారి కూడా మారిపోవచ్చు. ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక 2023 చివరి నుంచి ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. దారి మారితే కొత్త వీసా అవసరం పడుతుంది. ఏదైనా ఒక్క వీసా తగ్గితే ఆ రేవులో దిగనివ్వరు, కొన్నిసార్లు ఓడే ఎక్కనివ్వరు.

మన అమ్మాయికి ఇంకా పాస్‌పోర్టే లేదు. అందుకే చిన్న విషయమైనా గట్టిగా చెప్పాను: 36 పేజీల పుస్తకం కాదు, 60 పేజీలది తీసుకో. మామూలు దరఖాస్తులో తేడా అయిదు వందల రూపాయలే. వీసా ఒక్కోటి ఒక పేజీ తింటుంది, వచ్చినప్పుడు ఒక ముద్ర, వెళ్లేటప్పుడు ఒక ముద్ర పడతాయి. ఇంకోటి, మన తెలుగువాళ్లకే ఉన్న ఇబ్బంది. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కాలేజీలో పేరు చివరికి వెళ్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. పేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద పేరు తెలియదన్నట్టు అచ్చవుతుంది. ఒక్క వీసాకైతే ఎలాగో సర్దుకోవచ్చు. ఆరు దేశాలకు ఆరుసార్లు సంజాయిషీ ఇవ్వడం అయ్యే పని కాదు. అన్నిటిలో పేరు ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించాలి.

ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో ఓడ ఆగితే ఎల్లో ఫీవర్ టీకా కావాలి. కేంద్ర ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి తీసుకున్న సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఆ కార్డు లేకుండా అక్కడి నుంచి ఇంటికొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. జర్మనీ చదువుకు ఈ బాధ లేదు.

డబ్బు విషయంలో జర్మనీయే నయం, అందులో సందేహం లేదు. రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంటే ఫీజు ఇక్కడే కడతారు. ఓడలో చదువు, క్యాబిన్, భోజనం కలిపి పాతిక వేల డాలర్లు దాటుతుంది, వీసాలూ విమానం టిక్కెట్లూ వేరే. స్కాలర్‌షిప్ వస్తేనే ఆలోచించాలి. బావగారు రెండు పంటల రొయ్యల డబ్బు తీసి పెడతానన్నారు. చెరువును నమ్ముకుని అంత ఖర్చుకు దిగవద్దని చెప్పాను. తెల్లమచ్చ తెగులు వస్తే ఆ పంట పోయినట్టే.

పెట్టె సర్దడం దగ్గర అక్క నా మాట నమ్మలేదు. జర్మనీకైతే గట్టి సూట్‌కేసు, చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ, కందిపొడి చాలు. ఓడకు మెత్తని బ్యాగులే మంచివి, ఖాళీ అయ్యాక మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె క్యాబిన్‌లో ఉంచనివ్వరు. సముద్రం మీద మేం అన్నిటికన్నా భయపడేది నిప్పుకే. ఆవకాయ చిన్న సీసా ఒక్కటి చాలు, మూతకు టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టాలి. యూరప్‌లో దిగేటప్పుడు నెయ్యి మాత్రం వద్దు, పాల పదార్థాలను ప్రయాణికుల సామానులో అక్కడ అనుమతించరు.

క్యాబిన్ ఎంచుకునేటప్పుడు కిటికీ కోసం డబ్బు పోయవద్దన్నాను. కింది డెక్కులో, ఓడ నడిమధ్యన ఉన్న గదే మంచిది. ఓడ ముక్కూ తోకా పైకీ కిందికీ లేస్తున్నప్పుడు నడుము తక్కువ కదులుతుంది. తల తిరుగుడు మాత్ర వాంతులు మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు, ఓడ కదలకముందే వేసుకోవాలి. ఏ మాత్ర వేసుకోవాలో డాక్టరును అడిగి, ఇంటి దగ్గర ఒకసారి వేసుకుని మత్తు ఎంత వస్తుందో చూసుకోవాలి. వాంతి వస్తుందనిపిస్తే డెక్కు మీదికెళ్లి దూరాన సముద్రం, ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపాలి. రోజూ వాడే మందులు నాలుగు నెలలకు సరిపడా, చీటీతో సహా ఉండాలి.

అక్క అసలు భయం ఇవేవీ కాదు. “రోజూ ఫోను చేస్తుందా?” అనడిగింది. జర్మనీ నుంచైతే చేస్తుంది. ఓడ నుంచి రోజూ చేయడం కుదరకపోవచ్చు. సముద్రం మధ్యలో సెల్ సిగ్నల్ ఉండదు, శాటిలైట్ ఇంటర్నెట్‌ను పూర్తిగా నమ్ముకోలేం. గడియారాన్ని వారానికి ఒకటి రెండుసార్లు గంట చొప్పున జరుపుతుంటారు. అక్క ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది. ఆ మౌనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

చదువు విషయానికొస్తే, ఇంజినీరింగ్ పిల్లలకు నేను ఓడను సూచించను. ఓడలో ఎక్కువగా సామాజిక శాస్త్రాలు, వాణిజ్యం, పర్యావరణం వంటివే చెబుతారు, ల్యాబులు కుదరవు. అయిదు నెలలు ఒకే ఊళ్లో ఉంటే ఆ భాష వస్తుంది, రొట్టెల అంగడివాడు ముఖం గుర్తుపడతాడు. అయిదు రోజుల రేవులో అది జరగదు. కానీ మన అమ్మాయి అడిగే ప్రశ్న వేరు: నాన్న చెరువులో పెరిగిన రొయ్యకు ధర ఎవరు నిర్ణయిస్తారు? వియత్నాం రేవు ఉన్న ప్రయాణమైతే, హో చి మిన్ సిటీ నుంచి కొన్ని గంటల్లో మెకాంగ్ డెల్టా చేరవచ్చు. అక్కడా వరి, కొబ్బరి, రొయ్యల చెరువులే. మన సరుకుకు అక్కడి నుంచి కూడా పోటీ వస్తుంది. దాన్ని కళ్లతో చూసిన పిల్ల నాన్నతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

అందుకే తనకు ఓడే మేలన్నాను. అయితే ఈ జనవరి ప్రయాణం కాదు, వచ్చే సెప్టెంబరుది. అప్పటికి పాస్‌పోర్టు వస్తుంది, స్కాలర్‌షిప్ సంగతి తేలుతుంది, ఈ క్రెడిట్లను ఒప్పుకుంటామని తన యూనివర్సిటీతో కాగితం మీద రాయించుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ కాగితం రాకపోయినా, స్కాలర్‌షిప్ రాకపోయినా జర్మనీకి వెళ్తుంది. వచ్చే మంగళవారం భీమవరం పాస్‌పోర్టు కేంద్రంలో అపాయింట్‌మెంటు దొరికింది. అక్క కూడా వస్తానంది.