టెంట్ కట్టుకుని బండి మీద తిరిగేవాళ్లకు గుంటూరు, విజయవాడ ఎలా ఉంటాయి?

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో బండి మీద వచ్చే స్నేహితులు తరచూ అడుగుతుంటారు, "మీ వైపు టెంట్ వేసుకోవడానికి చోటు దొరుకుతుందా?" అని. దొరుకుతుంది. అయితే కూర్గ్ వైపు ఉన్నట్టు బోర్డు పెట్టి, రాత్రికి ఇంత అని రేటు రాసి, బాత్రూమ్ చూపించే చోట్లు మాకు కనిపించలేదు. ఇక్కడ ఎవరినో ఒకరిని అడగాలి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మాఘమాసపు చలిలో నేను, గుంటూరులో ఉండే మా బావ చెరో బండి మీద కృష్ణ ఒడ్డు నుంచి పల్నాడు, అక్కణ్నుంచి సముద్రం దాకా తిరిగాం. మాకు ఎక్కడ ఎలా జరిగిందో రాస్తున్నాను, వచ్చేవాళ్లకు పనికొస్తుందని.

విజయవాడతో మొదలుపెడతాను. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు కోదాడలోనే ట్యాంకు నింపుకోండి. ఏపీలో పెట్రోలు తెలంగాణ కన్నా ఖరీదు. జాతీయ రహదారుల మీద బైకులకు టోల్ లేదు కాబట్టి విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న కాజ టోల్‌గేట్ దగ్గర ఎడమ అంచున ఉన్న సన్నటి దారిలోంచి ఆగకుండా పోవచ్చు. ఊళ్లో మాత్రం టెంట్ మాట మర్చిపోండి. ఘాట్ల దగ్గర రాత్రి పడుకోనివ్వరు. భవానీ ద్వీపానికి పడవలోనే వెళ్లాలి, బండి ఒడ్డునే ఉండిపోతుంది. సామానంతా కట్టిన బండిని ఒడ్డున వదిలి ద్వీపంలో నిద్రపోవడం నా వల్ల కాదు.

గాంధీనగర్, గవర్నర్‌పేట వైపు లాడ్జీలకు కొదవ లేదు. గది శుభ్రంగా ఉందో లేదో తర్వాత చూసుకోవచ్చు, ముందు బండి ఎక్కడ పెట్టాలో అడగండి. మేం దిగిన లాడ్జిలో గది బాగుంది, వేణ్నీళ్లు వచ్చాయి. బండ్లు మాత్రం రోడ్డు మీద పెట్టుకోవాలన్నారు, పోతే తమకు పూచీ లేదన్నారు. సంచులన్నీ విప్పి మూడో అంతస్తుకు మోసుకెళ్లాం. అయినా రాత్రంతా టెన్షనే, కిందకు తొంగి చూడటంతోనే సరిపోయింది. డబ్బు కట్టి తీసుకున్న గదిలో పట్టని నిద్ర ఆ తర్వాత పొలం గట్టున పట్టింది.

తిండి దగ్గర ఈ ఊరికి వంక పెట్టలేం. తెల్లవారుజామునే టిఫిన్ బళ్లు తెరుస్తారు. పునుగులు, మైసూర్ బజ్జీ, ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి. స్టవ్వు వెంట తెచ్చుకుంటే బరువు తప్ప లాభం లేదు. బండికి ఏదైనా పెద్ద రిపేరొస్తే ఆటోనగర్ ఉంది. లారీ బాడీలు కట్టే చోట మోటార్‌సైకిల్ స్టాండు విరిగితే వెల్డింగ్ చేయించుకోవడం ఎంతసేపు!

ఉదయం ఎండ ఎక్కకముందే ప్రకాశం బ్యారేజీ దాటాం. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ మీద లారీలు ఉండవు కాబట్టి, పైవైపు నిండుగా నీళ్లు, కిందివైపు ఇసుక మేటలు చూసుకుంటూ తాపీగా పోవచ్చు. ఆ ఇసుకను చూడగానే ఇక్కడ టెంట్ వేస్తే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. పైన ఎప్పుడు గేట్లు ఎత్తుతారో ఇసుకలో పడుకున్నవాడికి తెలియదు. 2024 సెప్టెంబరులో ఇదే బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత వరద ఏటా రాదు, నిజమే. కానీ నది లోపలి లంకల్లో, మేటల మీద రాత్రి గడపకపోవడమే మంచిది.

ఉండవల్లి గుహల్లో శయనించిన అనంతపద్మనాభుణ్ని చూసి, కరకట్ట మీదుగా అమరావతి చేరాం. అమరేశ్వరాలయం, ధ్యానబుద్ధుడు, భోజనం. యాత్రికులకు బాగా అలవాటుపడ్డ ఊరు, సత్రాల్లో పడక దొరుకుతుంది, బండి లోపల పెట్టుకోనిస్తారు. టెంట్‌కు చోటు అడిగితే మాత్రం "గది ఉండగా అదెందుకండీ?" అని జాలిగా చూశారు.

కొండవీడు నాకు ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా ఇష్టమైన చోటు. రెడ్డిరాజుల రాజధాని, 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచిన కోట. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే గేరు మార్చడంలో ఉన్న హాయి బండి నడిపేవాళ్లకే తెలుస్తుంది. పైన చెరువులు, పాత బురుజులు, చెట్లు. టెంట్ వేయడానికి దీన్ని మించిన చోటు లేదనిపిస్తుంది, కానీ సాయంత్రానికి అందరూ దిగిపోవాల్సిందే. గేటు దగ్గర మనిషితో వాదించకండి, అడవి ప్రాంతం కాబట్టి ఆయన చేతిలో ఏమీ లేదు.

అలా దిగి ఎడ్లపాడు వైపు పొలాల దారి పట్టాం. చీకటి పడేలోపే చోటు అడగాలన్నది మా బావ పెట్టుకున్న నియమం. చీకట్లో హెల్మెట్ పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడితే ఎవరికైనా బెదురే. దారి పక్కన మిరప కల్లం కనిపించింది. ఎకరం మేర కాయ ఎర్రగా పరిచి ఉంది. ఒక పెద్దాయన, ఇద్దరు ఆడకూలీలు మంచు పడకుండా టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. బండ్లు దూరంగా ఆపి, హెల్మెట్లు తీసి, నడిచి వెళ్లాం.

"ఏ ఊరయ్యా మీది?"

"గుంటూరు బాబాయ్. ఇతను మావాడే. రాత్రికి ఈ పక్కన టెంట్ వేసుకుంటాం, పొద్దున్నే వెళ్లిపోతాం."

"గుంటూరోళ్లయితే గంటలో ఇంటికి పోవచ్చుగా? ఈడ పండుకునే ఖర్మేంది?"

సరదా బాబాయ్, ఇలా తిరగడం మాకు ఇష్టం అని బావ చెప్పాడు. ఆయన నవ్వలేదు. మమ్మల్ని, బండ్లను, వెనక కట్టిన మూటల్ని వరసగా చూశాడు. "సిగరెట్టు కాలుస్తారా?" అని అడిగాడు. లేదన్నాం. "పొయ్యి గియ్యి ఎలిగించమాకండి మరి. ఏడాది కష్టం ఇది." అంతే, ఒప్పుకున్నట్టే. మేం అక్కడే గుడ్డ పరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "గాలి ఇటు కొడతంది. ఈడేసుకుంటే తెల్లార్లూ దగ్గి సస్తారు. ఆ ఏపచెట్టు కాడికి పోండి."

నిజంగానే వేపచెట్టు దగ్గరకు రాగానే ఘాటు తగ్గింది. ఎండిన నల్లరేగడిలో మేకు దిగదు, రెండు వంగిపోయాయి. ఆయనే నాలుగు రాళ్లు చూపించి తాళ్లు వాటికి కట్టుకోమన్నాడు. కాసేపటికి ఇంటి నుంచి ఆయనకు వచ్చిన క్యారియర్‌లో మాకూ అన్నం, పప్పు, గోంగూర పచ్చడి ఉన్నాయి. ఎవరు కబురు పంపారో ఏమో! బోరు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని ముగ్గురం కింద కూర్చుని తిన్నాం. రోజూ రాత్రి ఆయన పడకా అక్కడే. నాలుగు కర్రలు పాతి పైన పట్టా కప్పిన పాక, నులకమంచం, టార్చిలైటు. కాయ ఎండి టిక్కీలకు, అంటే గోనె సంచులకు ఎత్తి గుంటూరు మిర్చి యార్డుకు తోలేదాకా ఇల్లు మర్చిపోవాల్సిందేనట. పొద్దున్నే వచ్చి మా టెంట్ జిప్పు పైకీ కిందకీ లాగి చూశాడు. "దీంట్లో చలి ఆగుద్దా? ఎంత పెట్టావేంటి?" అన్నాడు. బావ ధర చెప్పగానే, "అంత డబ్బుకి నాకు ఎన్ని పట్టాలొచ్చేయి!" అన్నాడు.

బయట పడుకోవడమంటే తెలియని ప్రాంతం కాదిది. కల్లాల దగ్గర కాపలా పడుకుంటారు. కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చినవాళ్లు మొక్కుగా కట్టి తెచ్చే ఎత్తైన ప్రభల కిందే రాత్రి గడుపుతారు. పుష్కరాలకు నది ఒడ్డునే ఉంటారు. పని ఉండో, మొక్కు ఉండో పడుకుంటే ఎవరికీ వింత కాదు. ఏ కారణం లేకుండా పడుకుంటామంటేనే అర్థం కాదు. అందుకే మొదట అనుమానం, ఆ వెంటనే అన్నం. వచ్చేటప్పుడు డబ్బు ఇవ్వబోకండి, మనసు కష్టపెట్టుకుంటారు. రెండు కేజీల కాయ కొనుక్కోండి. మేం అదే చేశాం, ఆ సంచి బండికి కట్టాక ఊళ్లు దాటేదాకా వెనకున్నవాళ్లకు తుమ్ములే.

కోటప్పకొండ ఘాట్ రోడ్డు బాగుంది, కోతులు ఎక్కువ, సీటు మీద తినే వస్తువు వదలొద్దు. అక్కణ్నుంచి పిడుగురాళ్ల మీదుగా మాచర్ల వైపు వెళ్లే దారి నాకు నచ్చలేదు. సిమెంటు లారీలు, దుమ్ము, చీకటి పడితే వెనక లైటు లేని ట్రాక్టర్లు. ఈ దారిని పగలే దాటేయండి. ఇక్కడే నా వెనక టైరు దిగిపోయింది. స్పోకుల చక్రం, లోపల ట్యూబు. పంక్చర్ షాపు కుర్రాడు ట్రాక్టరు టైర్లు విప్పే చేత్తోనే దాన్ని విప్పి, నీళ్లలో ముంచి బుడగలు వచ్చిన చోట అంటించి, మేకు ఇంకా లోపలే ఉందేమోనని టైరు లోపలంతా వేళ్లతో తడిమి చూసి మరీ బిగించాడు. మామూలు రేటే తీసుకున్నాడు. బుల్లెట్ లాంటి బండ్ల కేబుళ్లు చిన్న ఊళ్లలోనూ దొరుకుతాయి. ఖరీదైన బండ్ల సామాను కావాలంటే మాత్రం విజయవాడే దిక్కు, క్లచ్ కేబుల్ ఒకటి వెంట ఉంచుకోండి.

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక వాగు 70 అడుగుల పైనుంచి దూకుతుంది. చూడాల్సిన చోటే, కానీ టెంట్‌కు ఆశపడొద్దు. జలపాతం కింద మొసళ్ల పెంపకం ఉంది, చుట్టూ అడవి. అక్కడా సాగర్ దగ్గరా టూరిజం వాళ్ల గదులున్నాయి, వాటిలోనే ఉండండి. ఇటు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకునేవాళ్లు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి దారి మూసేస్తారని గుర్తుపెట్టుకోండి.

సూర్యలంక దగ్గరకు మా అక్క కూడా గుంటూరు నుంచి తన బండి మీద వచ్చి కలిసింది. చీకటి పడ్డాక ఒడ్డున ఎవరినీ ఉండనివ్వలేదు. వచ్చిన కానిస్టేబుల్ మర్యాదగానే చెప్పాడు. అక్కడ అలలు మనుషుల్ని లాక్కుపోయిన సంగతులు విన్నాక ఆయన్ను తప్పుపట్టలేకపోయాం. రిసార్టుల్లో ఖాళీ నేల ఉన్నా గది తీసుకోవాలన్నారు. చివరికి ఒక సరుగుడు తోట కాపలాదారు యజమానికి ఫోన్ చేసి మనిషికి రెండొందలకు ఒప్పించాడు. బోరు ఉంది, తలుపున్న బాత్రూమ్ ఉంది. కింద సరుగుడు ఆకు పరుపులా మెత్తగా ఉంది, సముద్రం హోరు వినిపిస్తోంది. ఇసుకలో మేకు నిలబడదు, సంచుల్లో ఇసుక నింపి తాళ్లు కట్టి పాతాం. పొద్దున బయల్దేరేముందు చైనుకు పట్టిన ఉప్పు కడిగి నూనె వేయడం మర్చిపోవద్దు.

ఈ తిరుగుడు మొత్తంలో చోటు, నీళ్లు, బాత్రూమ్, రేటు నాలుగూ ముందే తెలిసి టెంట్ వేసుకున్నది అక్కడే. అక్క చెప్పిన మాట ఒకటి ఇక్కడ రాయాలి. పెట్రోలు బంకుల్లో ఆడవాళ్ల టాయిలెట్‌కు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి కోసం ఆఫీసులో నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి అడగాలి. పల్లెల్లోనేమో ఆడమనిషిని చూస్తే ఆదరణ ఎక్కువ, కానీ టెంట్‌లో పడుకోనివ్వరు, ఇంట్లోకి రమ్మంటారు, మంచం ఖాళీ చేసి ఇస్తారు. "వాళ్లు మంచివాళ్లేరా, కానీ వాళ్లను ఇబ్బంది పెట్టకుండా నాలుగు డబ్బులు కట్టి పడుకునే చోటు ఒకటి ఉంటే చాలు నాకు" అంది.

నాదీ అదే కోరిక. దారిన పోయే మనిషి మంచితనం మీదే ఎన్నాళ్లని ఆధారపడతాం? అడగడానికి మొహమాటపడేవాళ్లుంటారు, తెలుగు రానివాళ్లుంటారు. కృష్ణా పుష్కరాలు 2016లో జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. అప్పుడు ఘాట్లు ఎలాగూ బాగుచేస్తారు. ఊరికి కాస్త ఎడంగా, వరద అందని ఎత్తులో ఏదో ఒక ఘాటు పక్కన పాతిక టెంట్లు పట్టే నేల చదును చేసి, కంచె వేసి, లోపల బండ్లు పెట్టనిచ్చి, ఆడవాళ్లకు వేరే బాత్రూములు కట్టి, పుష్కరాలయ్యాక వాటికి తాళం వేయకుండా ఒక మనిషిని ఉంచితే చాలు. సరుగుడు తోటలో ఇచ్చినట్టే ఇక్కడా రెండొందలు ఇస్తాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వరసగా వచ్చేవాళ్లున్నారు.