సేఫ్ వాలెట్‌తో నాలుగేళ్లు: ఐదుగురం, మూడు సంతకాలు

భీమవరంలో మాది ఐదుగురి సాఫ్ట్‌వేర్ టీం. బయటి దేశాల క్లయింట్లు కొందరు యూఎస్‌డీసీలోనే, అంటే డాలర్ విలువకి కట్టేసిన క్రిప్టో నాణెంలోనే, డబ్బు పంపుతారు. మొదట్లో అదంతా ఒక్కడి ఫోన్‌లో ఉండేది. వాడు ఫోన్ ఎత్తని రాత్రి మిగతా నలుగురికీ నిద్ర ఉండేది కాదు. 2022 మొదట్లో సేఫ్‌కి మారాం. ఇది కొందరి సంతకాలు కలిస్తేనే తెరుచుకునే క్రిప్టో ఖాతా, అప్పటికింకా దాని పేరు నోసిస్ సేఫ్. ఐదుగురిలో ఏ ముగ్గురు సంతకం పెట్టినా డబ్బు కదులుతుంది. చెప్పగానే మా నాన్న, "సొసైటీ చెక్కు లాంటిదే కదరా, ప్రెసిడెంటూ సెక్రటరీ ఇద్దరూ పెడితేనే చెల్లుద్ది" అన్నారు.

రోజువారీ వాడకం హాయిగానే ఉంది. సంతకానికి ఖర్చు లేదు, చివర్లో లావాదేవీని చైన్ (బ్లాక్‌చెయిన్, అంటే లావాదేవీలు రాసే ఉమ్మడి ఖాతా పుస్తకం) మీదకి పంపేవాడే గ్యాస్, అంటే దాని ఫీజు, కట్టాలి. అందుకే జీతాలు గ్యాస్ తక్కువపడే పాలిగాన్ అనే చైన్ మీద ఇస్తాం, దాచుకునేది ఇథీరియం అనే చైన్ మీద ఉంచుతాం. వరసలో ఒక లావాదేవీ ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. దానికి అలవాటు పడాలి.

అసలు టెన్షన్ చైన్ల దగ్గరే. అడ్రస్ ఒకటే కనిపించినా ఒక్కో చైన్ మీద ఖాతా వేరు, సంతకాలు పెట్టేవాళ్ల జాబితా వేరు. 2024 చివర్లో ఒక క్లయింట్ మా అడ్రస్‌కి బేస్ అనే ఇంకో చైన్ మీద డబ్బు వేశాడు. అక్కడ మాకు ఖాతాయే లేదు. అదే అడ్రస్‌తో తెరవొచ్చని తెలిసి ఊపిరి పీల్చుకున్నాం. తీరా తెరిస్తే పాత జాబితా వచ్చింది, ఎందుకంటే ఆ అడ్రస్ పుట్టిందే మొదటి ఐదుగురి జాబితా నుంచి. అందులో ఒకడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మిగిలిన నలుగురిలో ఇద్దరం కీలు (సంతకం పెట్టే రహస్య కోడ్‌లు) మార్చేశాం. హైదరాబాద్ వెళ్లినవాడు పాత కీ దాచిపెట్టాడు కాబట్టి మూడో సంతకం దొరికింది. పారేసి ఉంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

2025 ఫిబ్రవరి 21న, సేఫ్ వాడే బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఇథర్ (ఇథీరియం నాణెం) దొంగల పాలైంది. సేఫ్ కాంట్రాక్టుల్లో, అంటే చైన్ మీద నడిచే దాని ప్రోగ్రాముల్లో, లోపం లేదు. దొంగలు సేఫ్ డెవలపర్ ఒకరి కంప్యూటర్‌లోంచి దూరి సేఫ్ వెబ్ పేజీని మార్చేశారు. తెర మీద కనిపించింది ఒకటి, సంతకం పడింది ఇంకొకదాని మీద. ఆ వారం మేం ఒక్క పేమెంటూ చెయ్యలేదు. మేమూ అలాగే పెట్టేవాళ్లం మరి: ఒకడు చూశాడుగా అని రెండోవాడు, ఇద్దరూ చూశారుగా అని మూడోవాడు.

ఇప్పుడు లెడ్జర్ (కీ దాచుకుని సంతకం పెట్టే చిన్న పరికరం) తెర మీద వచ్చిన హ్యాష్‌ని, అంటే ఆ లావాదేవీకి వేలిముద్ర లాంటి అంకెలూ అక్షరాల వరసని, ఒకరు ఫోన్‌లో చదువుతారు, మిగతా ఇద్దరూ వేరే కంప్యూటర్‌లో లెక్కకట్టినదానితో సరిచూస్తారు. ఫోన్‌లో బి, డి, ఈ ఒకేలా వినిపిస్తాయి. అందుకని బి అంటే భీమవరం, డి అంటే ద్రాక్షారామం, ఈ అంటే ఏలూరు. మొన్న వానల్లో మూడోవాడు కోనసీమలో పంటు రేవు దగ్గర గొడుగు కింద నిలబడి చదివాడు. సిగ్నల్ పోయి మూడుసార్లు మొదటికొచ్చాం. ఆఖరి అక్షరం కూడా కలిశాకే బటన్ నొక్కి పంటు ఎక్కాడు.