సాన్ హోసే నుంచి బోకాస్ దెల్ తోరో: లాంగ్ వీకెండ్‌కి సరిపోతుందా?

కోస్టా రికాలో ఒక సెమిస్టర్ చదవడానికి వచ్చిన బ్యాచ్‌లు మూడు రోజుల సెలవు దొరగ్గానే పక్క దేశం పనామాలోని బోకాస్ దెల్ తోరో దీవుల వైపు చూస్తాయి. సరిపోతుందా అంటే సరిపోతుంది, కానీ ముందు రోజు మధ్యాహ్నం బస్సుకే రాజధాని సాన్ హోసే వదలాలి. మెపె కంపెనీ బస్సులు కరీబియన్ తీరం వెంట పుయెర్తో వియెహో మీదుగా సరిహద్దు ఊరు సిక్సావొలా దాకా వెళ్తాయి. మొత్తం ఆరు గంటల పైమాటే. ఆ రాత్రికి పుయెర్తో వియెహోలో దిగి పడుకుంటే పొద్దున్నే సరిహద్దు దాటేయొచ్చు. సెలవు రోజు ఉదయం సాన్ హోసేలో బయల్దేరితే తొలి రోజు మొత్తం బస్సులోనూ క్యూలోనూ పోతుంది.

సరిహద్దులో బ్యాచ్‌లు చిక్కుకునేది ఎక్కువగా గడియారం దగ్గరే. పనామా సమయం కోస్టా రికా కంటే గంట ముందు. ఇటు సాయంత్రం నాలుగున్నర అనుకుంటూ నింపాదిగా నడిస్తే అటు అప్పటికే ఐదున్నర, ఆఫీసు మూసే వేళ. ముందు కోస్టా రికా ఎగ్జిట్ పన్ను, సుమారు 8 డాలర్లు, కట్టి రసీదు తీసుకోవాలి. తర్వాత ఎగ్జిట్ ముద్ర, ఆపైన వంతెన దాటి గువాబితోలో పనామా ముద్ర. తొందరలో ఎగ్జిట్ ముద్ర మరిచి వంతెన దాటితే అటువాళ్లు వెనక్కి పంపిస్తారు. పనామా వైపు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు కాబట్టి పదిహేను మంది ఉంటే గంటన్నర లెక్క వేసుకోండి.

అక్కడ అడిగేవి రెండు: దేశం విడిచి వెళ్తారనడానికి టికెట్టు, చేతిలో 500 డాలర్లు ఉన్నాయనడానికి ఆధారం. నగదే ఉండనక్కర్లేదు, క్రెడిట్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తే సాధారణంగా ఒప్పుకుంటారు. సాన్ హోసే నుంచి ఇంటికి వెళ్లే విమానం టికెట్టు కాగితం మీద ప్రింటు తీసి ఉంచుకోండి. ఫోన్‌లో ఉంది కదా అనుకుంటే ఆ వేళకే సిగ్నల్ పోతుంది.

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుతూ ఇటు వచ్చిన మన పిల్లలకు ఇంకో మాట. అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండి, దాన్ని ఒక్కసారైనా వాడి ఉంటే భారతీయ పాస్‌పోర్టుకి పనామా వేరే వీసా అడగదు. ఇంకెంత గడువు మిగిలి ఉండాలో మాత్రం ముందే కాన్సులేట్‌లో కనుక్కోండి. గడువు దాటిన వీసాతో కెనడా, మెక్సికో వెళ్లి వచ్చే వెసులుబాటు మధ్య అమెరికా దేశాలకు వర్తించదు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఏడాది లోపుదై ఉండాలి. ఇవి సరిగ్గా లేనివాళ్లు అసలు ఈ సెమిస్టర్‌కే బయల్దేరకూడదు.

గువాబితో నుంచి వ్యాన్‌లో గంట పైన వెళ్తే అల్మిరాంతె రేవు. అక్కడి నుంచి వాటర్ టాక్సీలో అరగంటలో కొలోన్ దీవి మీది బోకాస్ టౌన్. ముందు వరసలో కూర్చుంటే ప్రతి అలకీ నడుము అదురుతుంది, వెనక కూర్చోండి. బ్యాగులు ముందు భాగంలో పడేస్తారు కాబట్టి పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒళ్లోనే పెట్టుకోవాలి. చీకటి పడ్డాక బోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

బస విషయంలో మా ఓటు బోకాస్ టౌన్‌కే, అదీ నీళ్ల ఒడ్డున కాకుండా రెండు వీధులు లోపలికి. ఒడ్డు మీది హాస్టళ్లలో బార్ మోత అర్ధరాత్రి దాటినా ఆగదు. ఎదురుగా ఉన్న కారెనేరో దీవి ప్రశాంతమే, కానీ పొద్దున, సాయంత్రం చిత్రాస్ అనే కంటికి ఆనని ఈగలు కాళ్లను వదలవు. బస్తిమెంతోస్ దీవి అందమైన అడవి, అయితే భోజనానికి టౌన్‌కి రావాలన్నా బోటే. వారం ఉంటే అక్కడే ఉండమంటాం, మూడు రోజులకు వద్దు. ఎక్కడ దిగినా కుళాయి నీళ్లు తాగొద్దు, పెద్ద క్యాన్లు కొని పంచుకుంటే చవక.

ఒక రోజు పూర్తిగా బోటు టూర్‌కి ఇవ్వండి, జపాతియా దీవులు ఉన్నదే ఎంచుకోండి. బస్తిమెంతోస్ మెరైన్ నేషనల్ పార్కులోని ఈ రెండు చిన్న దీవుల ఇసుక, నీళ్లు ఈ ప్రయాణానికంతటికీ అసలు ఫలం. పార్కు రుసుము చాలా టూర్ల ధరలో కలిసి ఉండదు, ముందే అడగాలి. దారిలో డాల్ఫిన్లను చూపిస్తామని డాల్ఫిన్ బేలో ఆపుతామంటారు. పది బోట్లు చుట్టుముట్టి ఇంజన్లు రొద పెడుతుంటే ఆ జంతువులు ఊపిరికి పైకి రావడానికే ఇబ్బంది పడతాయి. అది తీసేసి జపాతియాలో గంట పెంచమని బోటతన్ని అడగండి, బ్యాచ్ అంతా కలిసి బోటు మాట్లాడుకుంటే ఒప్పుకుంటాడు. నీళ్లపై గుంజల మీద కట్టిన హోటల్లో ఆపినప్పుడు ముందు ఆర్డర్ చెప్పి తర్వాత స్నార్కెలింగ్‌కి దిగండి, లేకపోతే భోజనానికే గంట పోతుంది.

రెడ్ ఫ్రాగ్ బీచ్ పూటకి చాలు. గోరంత ఎర్ర కప్పలు బీచ్ మీద కాదు, రేవు నుంచి వెళ్లే దారిలో రాలిన ఆకుల మధ్య ఉంటాయి. విషం ఉంటుంది, ముట్టుకోవద్దు. అక్కడా, బ్లఫ్ బీచ్‌లోనూ లోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి. నడుము లోతు దాటొద్దు, ఈత వచ్చినవాళ్లకి మరీ ముఖ్యంగా చెప్పాలి. ప్రశాంతంగా ఈదాలంటే స్టార్‌ఫిష్ బీచ్. ఫొటో కోసం ఆ నక్షత్ర చేపల్ని నీళ్లలోంచి పైకెత్తితే అవి చచ్చిపోవచ్చు.

శాకాహారులకు కొబ్బరిపాలతో వండిన అన్నం బీన్స్, వేయించిన పచ్చి అరటి పతకోనెస్ దిక్కు. "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అని ఊరుకుంటే కోడి వచ్చేస్తుంది, "ని పోయో, ని పెస్కాదో" (కోడీ వద్దు, చేపా వద్దు) అని కూడా కలపాలి. డబ్బు అమెరికా డాలర్లే, 20 దాటిన నోటు చిన్న కొట్లలో తీసుకోరు. సెలవు వారాంతాల్లో ఏటీఎంలు ఖాళీ అవుతాయి.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో బోకాస్‌లో వాన తక్కువ, కాబట్టి కోస్టా రికా స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 15 సెలవు భేషైనది. నవంబర్‌లో పనామా జాతీయ సెలవులు వరసగా వస్తాయి, గదులు దొరకవు.

తిరుగు రోజున ఉదయం 8కి బోటెక్కండి, సరిహద్దులో పోయిన గంట తిరిగొస్తుంది. కరీబియన్ తీరంలోని లిమోన్ నుంచి సాన్ హోసే వెళ్లే 32వ నంబరు రోడ్డు బ్రౌలియో కారియో కొండల్లో కొండచరియలు పడి తరచూ మూసేస్తారు. అప్పుడు తుర్రియాల్బా మీదుగా చుట్టు తిరగాలి. ఆ రాత్రి విమానం, మర్నాడు పొద్దున్నే పరీక్ష పెట్టుకున్నవాళ్లు ఒకరోజు ముందే బయల్దేరాలి.