పెరటి ఆఫీసు గది కిట్: గోడలు భేష్, నేలే ఏడిపించింది

ఇంటి నుంచే పని కావడంతో, పెరట్లో మనమే బిగించుకునే చెక్క గది కిట్ ఒకటి తెప్పించాను. మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. నేనూ మా తమ్ముడూ కలిసి రెండు వారాంతాల్లో నిలబెట్టేశాం. గోడ పలకలు ఒకదాని గాడిలో ఒకటి చక్కగా కూర్చున్నాయి. స్క్రూలు కూడా లెక్క ప్రకారమే ఉన్నాయి.

బాధంతా నేలతోనే. కొత్తగా పోసిన కాంక్రీటు మీద కిట్‌తో వచ్చిన ఫోమ్ షీటు పరిచి, దాని మీద లామినేట్ పలకలు (చెక్క పీచును అదిమి చేసే నేల పలకలు) వేసేశాం. నాలుగు నెలలకే తలుపు దగ్గర పలకలు ఉబ్బాయి. అడుగు వేస్తే దిగి, మళ్లీ లేచేవి. విప్పి చూస్తే షీటు కింద తడి! కాంక్రీటు పైకి ఎండినట్టే ఉంటుంది గానీ లోపలి తేమ పోవడానికి నెలలు పడుతుంది. పాలిథిన్ ముక్కను నేలకు నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు చూడాలి. అడుగున నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా ఆగాలని అర్థం. ఈ మాట కిట్ పుస్తకంలో ఎక్కడా లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది.

పలకలను గోడకు ఆనించేయడం మాత్రం మా తప్పే. లామినేట్ తేమకు సాగుతుంది కాబట్టి చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి.

రెండోసారి మందపాటి పాలిథిన్ పరిచి, అంచులు గోడ మీదికి మడిచాం. కొత్త పలకలను 48 గంటలు ఆ గదిలోనే ఉంచి, తర్వాతే వేశాం. వానాకాలం దాటినా ఎక్కడా కదల్లేదు.