డిస్‌ప్లే రాని ఉదయాలు: నాలుగేళ్లు దాటిన నా అసెంబుల్డ్ సిస్టమ్

మాది రాజోలు దగ్గర ఓ ఊరు. పెళ్లి ఫొటోలు తీయడం, ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. 2021 డిసెంబరులో పార్టులు ఒక్కొక్కటీ తెప్పించుకుని, మా భోజనాల బల్ల మీదే ఈ కంప్యూటర్ సిస్టమ్ బిగించుకున్నాను. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, ఫైళ్లు దాచుకోవడానికి 500 జీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్, అన్నిటికీ కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, 450 వాట్లది. మానిటర్ పాతదే. అన్నీ కలిపి 48 వేలు అయింది. అప్పట్లో గ్రాఫిక్స్ కార్డుల ధరలు ముట్టుకుంటే కాలేలా ఉండేవి, అందుకే గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకున్నాను.

పని సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగా చేస్తుంది. ఆల్బమ్ పేజీలు ఎక్కువైతే 16 జీబీ చాలదు, అంతే. చెప్పాల్సింది అది లేవనని మొరాయించిన రోజుల గురించి. ఇప్పటికి మూడుసార్లు మొరాయించింది.

మొదటిది 2022 జూలై గోదావరి వరదలప్పుడు. లంక ఊళ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ పది రోజులు సరిగ్గా కరెంటు లేదు, గోడలు చెమ్మగిల్లాయి, బీరువాలో బట్టలు కూడా ముక్కవాసన వచ్చాయి. కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీను మాత్రం నల్లగానే ఉంది. జ్యేష్ఠంలో అయిన పెళ్లిళ్ల ఆల్బమ్‌లు నాలుగు అందులోనే ఉన్నాయి. టెన్షన్‌తో బండి మీద పెట్టుకుని టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్లాను. ఆయన మూత కూడా పూర్తిగా తీయకుండానే, "బోర్డు పోయిందండి. వరదల తర్వాత అన్నీ ఇవే కేసులు. తొమ్మిది వేలవుతుంది, వేసేయమంటారా?" అన్నాడు. ఆలోచించుకుని చెబుతానని తిరిగొచ్చేశాను.

ఆ రాత్రి మూత తీసి, లైటు ఆపేసి, చీకట్లో స్విచ్ వేసి చూశాను. బోర్డు అంచున, లావుపాటి 24 పిన్నుల కనెక్టర్ పక్కన, ఆవగింజంత లైట్లు నాలుగున్నాయి. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డ్రైవ్ నుంచి లేవడం). స్విచ్ వేయగానే ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోవాలి. ఏది ఆరకుండా ఉండిపోతే పని అక్కడ ఆగిందన్నమాట. నాది డీర్యామ్ దగ్గర ఆగింది. ఏడు నెలలుగా ఎదురుగా ఉన్నా నేను పట్టించుకోని లైటు అది.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, ర్యామ్‌లు రెండూ బయటికి తీశాను. కింద బంగారు రంగులో మెరవాల్సిన పళ్ల మీద అక్కడక్కడా మసక పట్టింది. మా అమ్మాయి పెన్సిల్ రబ్బరు తెచ్చి మెల్లగా రుద్దితే మసక పోయింది. స్లాట్‌లో బ్రష్ ఆడించి, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో ఒక్క ర్యామే పెట్టి, టిక్కుమనేదాకా నొక్కాను. స్విచ్ వేశాక అర నిమిషం ఏమీ లేదు. ఆపేద్దామని చెయ్యి చాచేలోపు బోర్డు లోగో కనబడింది. తొమ్మిది వేలు మిగిలాయి.

భీమవరంలో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు ఇది విని, "మావయ్యా, ఇంకెప్పుడూ రబ్బరు వాడకు. ఆ బంగారు పూత చాలా పల్చన, రుద్దేకొద్దీ పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడువు" అన్నాడు. అప్పటినుంచి అదే. అసలు నాకు సిగ్గనిపించింది ఇంకొకటి. ఈ గాలికి లెన్సులకు బూజు పడుతుందని తేమ చేరనివ్వని డ్రై బాక్స్ కొనుక్కున్నవాణ్ని, సిస్టమ్‌ని మాత్రం కిటికీ కింద నేల మీద పెట్టాను.

రెండోది చిన్నది. తేదీ తప్పు చూపించడం, ర్యామ్ స్పీడ్ 3200 నుంచి పడిపోవడం, కొన్నిసార్లు రెండో ప్రయత్నానికి గానీ లేవకపోవడం. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. మల్టీమీటర్‌లో 3 వోల్టులు చూపించాల్సింది 2.5 చూపించింది. పిడుగుల భయంతో నేను రోజూ రాత్రి గోడ స్విచ్ ఆపేసేవాణ్ని. ప్లగ్‌లో కరెంటుంటే గడియారం దాని మీదే నడుస్తుంది, లేకపోతే బ్యాటరీని తింటుంది. వర్షాకాలంలో ఇప్పటికీ ఆపుతాను. బ్యాటరీ ఖరీదెంతని?

మూడోది 2025 మేలో. బటన్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయేది, ఏ లైటూ లేదు. ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించాను. బోర్డు నుంచి, మిగతా పార్టుల నుంచి దాని వైర్లన్నీ పీకేసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ పక్కనున్న నల్ల వైరునీ పేపర్ క్లిప్‌తో కలిపి, ఆ తర్వాత గోడ స్విచ్ వేస్తే దాని ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. (తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు, లోడు పడితే ఏమవుతుందో ఈ పరీక్షలో తెలియదు.) టార్చి వేసి జాలీలోంచి చూస్తే, ఎండి అట్టలా అయిపోయిన బల్లి! వారంటీ అప్పటికే దాటిపోయింది. డబ్బా విప్పలేదు, మీరూ విప్పొద్దు, లోపలి కెపాసిటర్లు ప్లగ్ పీకాక కూడా షాకిస్తాయి. మేనల్లుడి సిస్టమ్‌లోది తెచ్చి తగిలిస్తే వెంటనే లేచింది. కొత్తది 550 వాట్లది వేశాను, బల్లులు దూరకుండా వెనక ఖాళీ స్లాట్లకు రేకులు బిగించాను.

ఇదే మళ్లీ కొంటానా అంటే, కొంటాను, ఆ నాలుగు లైట్లున్న బోర్డు అయితేనే. ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పిసినారితనం చేయను. ఇప్పుడు సిస్టమ్ బల్ల మీదికెక్కింది, వానల్లో పని లేకపోయినా రోజూ గంటసేపు ఆన్‌లో ఉంచుతున్నాను. మళ్లీ మసక పట్టలేదు.

మొన్న 16 జీబీవి రెండు తెచ్చి పాత ర్యామ్‌లు తీసేశాం. స్విచ్ వేస్తే నల్ల స్క్రీను. "మావయ్యా, కొత్తవే పోయాయా?" అని మేనల్లుడు ప్లగ్ వైపు వంగాడు. "ఆగరా, కొత్త ర్యామ్ కదా, బోర్డుని దాన్ని సరిచూసుకోనీ" అన్నాను. ఇద్దరం డీర్యామ్ లైటు వైపే చూస్తూ కూర్చున్నాం. నిమిషం దాటాక ఆరి, పక్క లైటు వెలిగింది.